నిల్వ గింజలకు బూజు కట్టే పురుగు: బీటీ పొడి ఎలా వాడాలి?

గింజ ఇల్లు చేరిన రెండు మూడు నెలలకు ప్రతి ఏడూ ఇదే ప్రశ్న. "ఆముదంలో దాసరి పురుగుకు కొట్టిన బీటీ పొడి కొంచెం మిగిలింది. గుమ్మిలో జొన్నలకు పురుగు పట్టింది. అందులో కలపొచ్చా?" అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ప్రశ్న మారడం లేదు. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చే సంగతి కాదిది. పట్టింది ఏ పురుగు, ప్యాకెట్ మీద ఏం రాసుంది, ఎప్పుడు కలుపుతున్నారు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకే చోట రాస్తున్నాను.

బీటీ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా. బీటీ పత్తి అని మనం అనేది దీని జన్యువును పత్తి మొక్కలో చేర్చినదాన్ని. ఈ పొడిలో ఉండేది మాత్రం ఆ బాక్టీరియా బీజాలు, అది తయారుచేసే ప్రోటీన్ స్ఫటికాలు. 1911లో జర్మనీలో శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ బెర్లినర్ దీన్ని గుర్తించి, తర్వాత అక్కడి తురింజియా ప్రాంతం మీదుగా ఆ పేరు పెట్టాడు. ఆయనకు ఇది దొరికింది పిండికి పట్టే రెక్కల పురుగు (మాత్) పిల్లల్లోనే. అంటే పొలాల్లోకి రాకముందు నుంచే ఇది నిల్వ సరుకు పురుగుకు శత్రువు.

ఇది తగిలితే చచ్చే మందు కాదు, తింటే చచ్చే మందు. దీన్నొక్కటి గుర్తుపెట్టుకుంటే కింద చెప్పేవన్నీ ఎందుకో మీకే అర్థమవుతాయి. గొంగళి పురుగు గింజతో పాటు దీన్ని మింగాలి. దాని పేగులోని క్షార గుణానికి స్ఫటికం కరిగి, పేగు గోడకు చిల్లులు పడతాయి. కొన్ని గంటల్లో మేత మానేస్తుంది, కొన్ని రోజుల్లో చస్తుంది. ఎగిరే తల్లి పురుగు గింజ తినదు కాబట్టి దానికేమీ కాదు. గుడ్డుకూ ఏమీ కాదు.

కావలసినవి

- బీటీ కుర్‌స్టాకి రకం పొడి, గడువు తీరనిది, లేబుల్ చినగనిది
- కొలత గ్లాసు, గ్రాముల్లో తూచే చిన్న కాటా
- ఇంతకుముందు కలుపు మందు కొట్టని చేతి స్ప్రేయర్ (పొడిగా చల్లే రకమైతే అక్కర్లేదు)
- పళ్ల పార లేదా దంతె, జల్లెడ, పరచుకోవడానికి పట్టా
- మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా
- టార్చి లైటు
- రెండు గాజు సీసాలు, పలుచని గుడ్డ, రబ్బరు బ్యాండ్లు (పరీక్షకు)

1. పట్టింది రెక్కల పురుగేనా?

సగం మంది తప్పు ఇక్కడే జరుగుతుంది. మా ఇంట్లోనూ మొదటిసారి ఇదే జరిగింది. బియ్యంలో ముక్కు పురుగు కనిపిస్తే బీటీ గురించి వెతుక్కుంటూ కూర్చున్నాం. కుర్‌స్టాకి ముక్కు పురుగును, నుసి పురుగును, లక్క పురుగును ఏమీ చేయదు. అవి పెంకు పురుగుల జాతి. ఈ మందు పనిచేసేది రెక్కల పురుగుల పిల్లల మీద మాత్రమే.

పట్టిందేదో తెలుసుకోవాలంటే పొద్దు గూకాక గది తలుపు తెరిచి, గింజ మీద టార్చి వెయ్యండి. బూడిద రంగు చిన్న రెక్కల పురుగులు లేస్తే గింజ పై పొరలో చెయ్యి పెట్టి చూడండి. జొన్నలో బియ్యపు చిమ్మట (రైస్ మాత్ అనే రెక్కల పురుగు) బాగా ముదిరితే ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మరిచిపోరు. ఒక పుల్లతో పైన లేపితే దుప్పటి అంచు లేచినట్టు బూజు, అంటే పురుగు అల్లిన దారాల పొర, లేస్తుంది. దానికి గింజలు గుత్తులుగా వేలాడుతుంటాయి. మధ్యలో రెట్ట, పొట్టు, ముక్కిన వాసన. ఆ గుత్తిని చిదిపితే లోపల తెల్లటి పురుగు మెదులుతుంది.

మొక్కజొన్న, గోధుమ, డ్రై ఫ్రూట్స్‌లో వచ్చేది ఇండియన్ మీల్ మాత్. రెక్కల మొదలు లేత రంగులో, చివర రాగి రంగులో ఉంటుంది. పేరులో ఇండియన్ అని ఉన్నా అది మన దేశం పేరు కాదు. అమెరికాలో మొక్కజొన్న పిండిని ఒకప్పుడు ఇండియన్ మీల్ అనేవాళ్లు, పేరు అక్కడి నుంచి వచ్చింది. ఇదీ బూజు కడుతుంది. ఈ రెండింటికీ బీటీ సరిపోతుంది.

వడ్ల చిలక సంగతి వేరు. గడ్డి రంగులో ఉంటుంది, రెక్కల అంచుకు పొడవాటి కుచ్చులుంటాయి. బూజు కట్టదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెంటనే గింజలోకి తొలుచుకుపోయి, పెద్దయ్యేదాకా లోపలే తింటుంది. చివరికి గింజకు గుండ్రటి కన్నం కనబడుతుంది. పైన చల్లిన పొడి లోపలి దాని నోటికి అందదు. తొలిచేటప్పుడు మింగే ఆ కొంచెమే మనకున్న అవకాశం. కాబట్టి వడ్లలో వడ్ల చిలక పడితే బీటీ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. గాలి చొరబడని సంచులే మేలు.

2. ప్యాకెట్ చదవండి, చదివాకే కత్తిరించండి

ముందు రకం చూడండి. కుర్‌స్టాకి అని ఉండాలి. ఇజ్రాయెలెన్సిస్ అని ఉంటే అది దోమ పిల్లలకు వాడేది, గింజలో వేసినా ప్రయోజనం లేదు. షాపులో "బీటీ కదా, ఏదైనా ఒకటే" అంటే ఒప్పుకోకండి.

తర్వాత, నిల్వ ధాన్యానికి వాడొచ్చని రాసుందా? మన షాపుల్లో దొరికే వాటి మీద ఎక్కువగా పత్తి, ఆముదం, కంది, శనగ, క్యాబేజీ లాంటి పంటల పేర్లే ఉంటాయి. అమెరికాలో డైపెల్ లాంటి బీటీ మందులను నిల్వ గింజల పై పొరకు వాడే పద్ధతి ఎన్నో ఏళ్లుగా ఉంది. అక్కడ మొక్కజొన్న, గోధుమ నిల్వ చేసే మన తెలుగువాళ్లు కూడా తమ చేతిలోని లేబుల్‌నే చూసుకోవాలి. ఒకే కంపెనీ సరుకులో ఒక రకానికి అనుమతి ఉండి, ఇంకో రకానికి లేకపోవచ్చు.

లేబుల్‌లో నిల్వ ధాన్యం పేరు లేకపోతే తినే గింజలో కలపకండి. బాక్టీరియా మనిషికి హాని చేయదు కదా అని చాలామంది వాదిస్తారు. బాక్టీరియా ఒక్కటే అయితే సరే. కానీ ఆకుకు అంటుకోవడానికి, నీళ్లలో కలవడానికి ఆ పొడిలో ఇంకేవో పదార్థాలు కలుపుతారు. అవి అన్నంలోకి, రొట్టెలోకి వెళ్లేలా తయారైనవి కావు. ఆముదంలో మిగిలిన పొడి గురించి అడిగేవాళ్లకు నా జవాబు ఇదే: తినే జొన్నలో వద్దు. విత్తనానికి దాచుకున్న గింజ అయినా దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో ప్యాకెట్ చూపించి అడిగాకే కలపండి. అనుమతి లేదని తేలితే కింద ప్రత్యామ్నాయాలు రాశాను, నేరుగా అక్కడికి వెళ్లండి.

గడువు తేదీ కూడా చూడండి. బీజాలు బతికున్నవే అయినా ఎండలో, రేకుల షెడ్డులో ఏడాది పడి ఉన్న ప్యాకెట్‌ను నమ్మలేం.

3. గింజను సిద్ధం చేయండి

పాత గింజ మీద కొత్త గింజ పోయొద్దు. గుమ్మి, గరిసె, డ్రమ్ము, ఏదైనా సరే ఖాళీ చేసి, మూలల్లోని పిండి, పొట్టు, పాత బూజు ఊడ్చి బయట కాల్చేయండి. గోనె సంచుల కుట్లలో గూళ్లుంటాయి. సంచి తిరగేసి ఎండలో వేసి, కుట్లు దులపండి.

గింజ తేమ 12 శాతానికి మించకూడదు. మీటర్ లేకపోతే బాగా ఎండిన ఉప్పు రెండు చెంచాలు, గుప్పెడు గింజ పొడి గాజు సీసాలో వేసి రెండు నిమిషాలు కుదిపి చూడండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే, మళ్లీ ఎండబెట్టాలి. అంటుకోకపోయినా పంటి కింద కటుక్కుమనే దాకా ఎండనివ్వండి.

ఇప్పటికే బూజు కట్టి ఉంటే పై పొర మొత్తం తీసేయండి. దాన్ని జల్లెడ పట్టి, పశువులకు పనికొస్తుందో లేదో చూసుకుని, మిగిలింది దూరంగా పారేయండి. బూజు మీదే పొడి చల్లడం చాలామంది చేసే పొరపాటు. లోపల ముదిరిన పురుగుకు ఇంకా ఎక్కువ మోతాదు కావాలి, పైగా బూజు అడ్డం ఉంటుంది. పొడి బాగా పనిచేసేది గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల మీద. దాని మొదటి కొరుకుడుకే మందు అందాలి.

4. లెక్క వేయండి

మందు గింజ మొత్తానికి అక్కర్లేదు. రాశిగా పోసిన గింజలో ఈ పురుగులు పైపైనే గుడ్లు పెడతాయి, పైపైనే తింటాయి. అందుకే పై 10 సెంటీమీటర్లకు, అంటే బెత్తెడుకు కాస్త ఎక్కువ లోతుకు కలిపితే చాలు.

రెండు మీటర్ల వెడల్పున్న గుండ్రటి గుమ్మిలో మీటరున్నర ఎత్తు జొన్నలు పోశారనుకోండి. మొత్తం సుమారు 34 క్వింటాళ్లు. పైభాగం వైశాల్యం 3.14 చదరపు మీటర్లు. అందులో 10 సెంటీమీటర్ల పొర అంటే రెండుంపావు క్వింటాళ్లు మాత్రమే. మీరు కలిపేది అంతకే. ఇప్పుడు లేబుల్‌లో చదరపు మీటరుకు ఇంత అని ఉందో, గింజ బరువుకు ఇంత అని ఉందో చూసి తూచుకోండి. కంపెనీని బట్టి బలం మారుతుంది కాబట్టి ఇక్కడ గ్రాములు రాయడం లేదు. పక్కింటివాళ్ల మోతాదు మీ ప్యాకెట్‌కు కుదరకపోవచ్చు.

నీళ్లలో కలిపే రకమైతే నీళ్ల విషయంలో జాగ్రత్త. వంద కిలోల గింజకు లీటరు నీళ్లు పడితే తేమ దాదాపు ఒక శాతం పెరుగుతుంది. పై ఉదాహరణలో ఐదు లీటర్లు కొడితే రెండు శాతం పెరిగి గింజకు ఫంగస్ పట్టడానికి దారి చూపినట్టవుతుంది. లేబుల్ చెప్పిన దానికంటే చుక్క ఎక్కువ వద్దు.

సంచుల్లో నింపిన గింజకు ఈ పై పొర లెక్క కుదరదు. ప్రతి సంచికీ అన్ని వైపులా పైభాగమే. లేబుల్ అనుమతిస్తే నింపేటప్పుడే గింజకంతటికీ కలపాలి. లేకపోతే సంచులకు ఈ పద్ధతి వదిలేయండి.

5. కలపండి

ఎప్పుడంటే, గింజ నింపి పైన చదును చేసిన రోజే, లేదా ఆ వారంలోనే. రెక్కల పురుగులు తిరగడం మొదలయ్యాక చేస్తే సగం లాభం పోయినట్టే.

పొద్దున్నే మాస్కు, కళ్లద్దాలు వేసుకోండి. ఇది విషం కాకపోయినా సన్నటి పొడి, ముక్కుకు, కళ్లకు పడదు. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పగించండి.

అ) తూచిన పొడిని ముందు కొద్ది నీళ్లలో ముద్దలా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోయండి. మంచి నీళ్లు వాడండి. క్షారం ఎక్కువున్న బోరు నీళ్లలో గంటల తరబడి నానితే స్ఫటికాలు దెబ్బతింటాయి. కలిపిన నీళ్లు అప్పటికప్పుడే వాడేయాలి, రేపటికి దాచొద్దు.

ఆ) ఆ నీళ్లను మూడు భాగాలు చేయండి. మొదటి భాగం పైన సన్నటి తుంపరగా కొట్టి, పళ్ల పారతో 10 సెంటీమీటర్ల లోతు దాకా తిరగేయండి.

ఇ) రెండో భాగం కొట్టి ఈసారి అడ్డంగా తిరగేయండి.

ఈ) మూడో భాగం కొట్టి పైపైన కలిపి చదును చేయండి. గుమ్మి అంచుల దగ్గర, గోడకు ఆనుకున్న చోట చేత్తో కలపండి. పురుగు ముందుగా దూరేది అక్కడే, పార సరిగ్గా అందనిదీ అక్కడే.

ఒకేసారి మొత్తం కొడితే పైన ఒక అంగుళం తడిసి కింద పొడిగా ఉండిపోతుంది. పిల్ల పురుగు ఆ అంగుళం దాటిపోయిందంటే దానికి మందు అందనట్టే.

ఉ) రెండు మూడు గంటలు తలుపు తెరిచి ఆరనివ్వండి. తడి ఆరాక మూత వేయండి. ఆ తర్వాత పై పొరను కెలకొద్దు. తినడానికి గింజ కావాలంటే కింది తూము నుంచి తీసుకోండి. పైనుంచి తోడితే మందున్న పొర తిరగబడి, మందులేని గింజ పైకి వస్తుంది.

పొలంలో ఎండకు బీటీ రోజుల్లో పాడవుతుంది. చీకటి గుమ్మిలో మాత్రం నెలల తరబడి నిలుస్తుంది. కాబట్టి నెలనెలా కలపాల్సిన పని లేదు.

ఈ ఇళ్లలో అసలు వద్దు

పట్టుపురుగులు పెంచే ఇంట్లో, షెడ్డు పక్క గదిలో బీటీ ప్యాకెట్ కూడా విప్పకండి. హిందూపురం, మదనపల్లె, పలమనేరు వైపు వాళ్లకు ఇది మరీ ముఖ్యం. బెర్లినర్ కంటే పదేళ్ల ముందే, 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త ఈ బాక్టీరియాను కనిపెట్టింది చచ్చిపోతున్న పట్టుపురుగుల్లోనే. బట్టలకు అంటిన కాస్త పొడి చాలు, ఒక పంట పోవడానికి. ట్రైకోకార్డుల (పంట పురుగుల గుడ్లను చంపే చిన్న కందిరీగలను పొలంలో వదిలే కార్డుల) కోసం బియ్యపు చిమ్మటను జొన్న నూకల మీద పెంచేవాళ్లకూ ఇదే మాట.

పనిచేసిందా? ఇలా చూడండి

కలిపిన మూడో రోజుకే "ఇంకా ఎగురుతున్నాయి" అని టెన్షన్ పడకండి. ముందే గూటిలో ఉన్నవి రెక్కలొచ్చి రెండు మూడు వారాల దాకా బయటికి వస్తూనే ఉంటాయి. వాటిని చూసి మళ్లీ మందు కొట్టకండి. చూడాల్సింది కొత్త బూజు పడుతోందా అని.

సీసా పరీక్ష చేస్తే స్పష్టంగా తెలుస్తుంది. మందు కలిపిన పై పొర నుంచి రెండు గుప్పిళ్లు ఒక సీసాలో, మందు లేని గింజ రెండు గుప్పిళ్లు ఇంకో సీసాలో వేయండి. ముందు తీసేసిన బూజులోంచి అర సెంటీమీటరు లోపు చిన్న పురుగులు ఏరి, ఒక్కో సీసాలో పదేసి వదిలి, గుడ్డ కట్టి నీడలో పెట్టండి. మూడో రోజు, ఐదో రోజు, ఏడో రోజు చూడండి. మందు లేని సీసాలో గింజలు దారాలతో అతుక్కుంటాయి, పురుగు చురుగ్గా ఉంటుంది. మందున్న సీసాలో బూజు దాదాపు కనబడదు, పురుగులు మెత్తబడి, రంగు మాసి, ముట్టుకున్నా కదలవు. వారానికి పదింటిలో ఏడెనిమిది పోతే మీరు సరిగ్గా కలిపినట్టు. రెండు సీసాల్లోనూ ఒకేలా బతికి ఉంటే పొడి పాతదై ఉండాలి, లేదా మోతాదు తగ్గి ఉండాలి.

ఆ తర్వాత మొదటి నెల వారానికోసారి, ఆపైన నెలకోసారి సాయంత్రం టార్చితో చూడండి. గుమ్మి మీద వేలాడే ఫెరోమోన్ (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించే) జిగురు ట్రాప్ పెట్టుకుంటే ఎన్ని పడ్డాయో రాసుకోవచ్చు. సంఖ్య వారం వారం పెరుగుతుంటే పై పొర తిప్పి చూడాల్సిందే.

ఎక్కువగా జరిగే తప్పులు

బియ్యంలో కలపడం. పాలిష్ బియ్యం, పిండి, రవ్వ, పప్పు, ఇలా వండుకోవడానికి సిద్ధంగా ఉన్న దేనిలోనూ వద్దు.

బోర్డో మిశ్రమం, రాగి మందులతో కలిపి కొట్టడం. రెండూ వృథా.

మోతాదు సగం చేసి "కొంచెమైనా పనిచేస్తుంది" అనుకోవడం, ఏటేటా అదే పొడి మీద ఆధారపడటం. 1985లో కాన్సాస్ పరిశోధకుడు విలియం మెక్‌గాహీ, బీటీ వాడిన ధాన్యపు గాదెల్లోంచి ఇండియన్ మీల్ మాత్‌లను తెచ్చి ప్రయోగశాలలో మందున్న మేత మీద పెంచాడు. రెండు తరాలకే వాటి తట్టుకునే శక్తి సుమారు 30 రెట్లు పెరిగింది. 15 తరాలకు 100 రెట్లకు చేరింది. మన వేడికి ఈ పురుగులకు ఏడాదిలో ఎన్నో తరాలు గడుస్తాయి. ఒక ఏడు బీటీ వాడితే తర్వాతి ఏడు గాలి చొరబడని సంచులకు మారండి.

పనిచేయలేదని కోపంతో ఫాస్ఫైన్ బిళ్లలు తెచ్చి పడుకునే గదిలో పెట్టడం. దయచేసి ఈ పని చేయొద్దు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల నుంచి వచ్చే వాయువు తలుపు సందుల్లోంచి పక్క గదిలోకి వెళ్లి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. అది గోదాముల్లో, శిక్షణ ఉన్నవాళ్ల చేతుల్లోనే ఉండాలి.

బీటీ కుదరకపోతే

తక్కువ గింజ ఉన్న ఇళ్లకు గాలి చొరబడని మందపాటి సంచులే నా మొదటి సలహా. గింజ బాగా ఎండి ఉండాలి. లోపలి గాలి బయటికి నొక్కి మూతి మెలిపెట్టి గట్టిగా కట్టాలి. లోపలున్న పురుగులే ఉన్న ఆక్సిజన్ వాడుకుని ఊపిరాడక చస్తాయి. వడ్ల చిలక, ముక్కు పురుగు, నుసి పురుగు, అన్నింటికీ ఇది పనిచేస్తుంది. మధ్యలో విప్పితే మాత్రం లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి పెద్ద సంచి ఒకటి బదులు నెలకొకటి విప్పేలా చిన్నవి నాలుగు పెట్టుకోండి.

తినే గింజైతే పలుచగా పరిచి ఎండబెట్టి, జల్లెడ పట్టి, చల్లారాక డ్రమ్ములో పోయండి. వేడి మీదే పోస్తే మూత కింద చెమ్మ పడుతుంది. విత్తనానికైతే మండుటెండలో నల్లటి పట్టా మీద పొయ్యకండి, మొలక శాతం పడిపోతుంది.

కిటికీలకు సన్నటి దోమల జాలీ కొట్టించడం చవకైన పని. కొత్త గింజ లోపలికి చేరేలోపే కొట్టించండి.